చేట లేని అక్షరం

సూమెయ్ భర్త ఛాంగ్‌హె ఉన్నట్టుండి పడిపోయి ఐసీయూలో చేరి పంతొమ్మిది రోజులైంది. ఇరవయ్యో రోజు పొద్దున డాక్టరమ్మ ఒక ఫారం తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆమెకి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. కళ్ళ కింద నలుపు. పెన్ను మూత తనే తీసి సూమెయ్ చేతికిచ్చింది.

"ఈ ఖాళీలో మీ చేత్తో మీరే రాయాలమ్మా. 'వైద్యం వదులుకుంటున్నాం, ఆపైన ఏం జరిగినా బాధ్యత మాదే' అని. కింద సంతకం, పక్కన వేలిముద్ర."

"అలాగే," అంది సూమెయ్.

పక్కన కూతురు తావ్ గోడకేసి తిరిగి నిలబడింది. జెంగ్‌ఝౌలో బట్టల దుకాణంలో పనిచేస్తుంది తావ్. కబురందిన రోజు వేసుకొచ్చిన పల్చటి చొక్కా మీదే ఇంకా ఉంది.

ఆడపడుచు గుయ్‌లాన్ తయ్‌యువాన్ నుంచి బస్సులో వస్తోంది. పొద్దున్నే ఫోన్ చేసి, "నేనొచ్చేదాకా ఏ కాగితం మీదా చెయ్యి పెట్టకు వదినా" అని గట్టిగా చెప్పింది. కానీ మనిషి గుండె నీరసపడిపోతోందనీ, ఊపిరితో ఇల్లు చేరాలంటే ఇవాళే బయల్దేరాలనీ డాక్టరమ్మ అంటోంది. వాళ్ళ వైపు పల్లెల్లో ఇంటి బయట పోయినవాణ్ణి గడప దాటించి లోపలికి తేనివ్వరు. ఊరి చివర టెంటు వేసి అందులోనే ఉంచుతారు. నిన్న ఫోన్లో మామగారు ముసలి షౌయె అడిగింది కూడా ఆ ఒక్కటే. "వాణ్ణి ఊపిరుండగా తీసుకురామ్మా. టెంటులో వద్దు."

సూమెయ్ రాయడం మొదలుపెట్టింది. పెద్దగా చదువుకున్నది కాదు. నాలుగో తరగతితో బడి మానేసింది. 'వదులుకోవడం' అనే మాటకి రెండు అక్షరాలు కావాలి. మొదటిది తిన్నగానే వచ్చింది. రెండోది, 'ఛీ' అని పలికేది, రాస్తున్నప్పుడు ఆమె అసలు చేతికేసి చూడనేలేదు. డాక్టరమ్మ ప్లాస్టిక్ చెప్పులకేసి చూస్తోంది. ఒక చెప్పుకి పట్టీ తెగితే తెల్లటి టేపు చుట్టి ఉంది.

"ఇదేంటమ్మా, బొమ్మ వేశారు?" అంది డాక్టరమ్మ.

తావ్ తిరిగి చూసింది. "అమ్మా, పాతది వేశావు."

"పాతదంటే?"

"మా అమ్మ ఎముకల మీద పాతకాలపు అక్షరాలు చెక్కుతుందండీ. మ్యూజియం బయట అమ్ముతుంటారు చూడండి, అవి."

డాక్టరమ్మ వంగి కాగితంకేసి చూసింది. ఈ అన్‌యాంగ్ పట్నంలో పుట్టిన పిల్లే అయ్యుంటుంది, బడిలో ఉన్నప్పుడు వరసలో నిలబెట్టి మ్యూజియం చూపించే ఉంటారు. అడగాలని కాదు గానీ నోటికొచ్చేసింది. "ఇందులో ఏముంది?"

తన ఎముకల దుకాణం ముందు ఆగినవాళ్ళకి చెప్పినట్టే చెప్పింది సూమెయ్, పెన్ను మొనతో ఒక్కొక్కటీ చూపిస్తూ. "ఇది బిడ్డ. ఈ చుట్టూ చుక్కలు పుట్టినప్పటి తడి. ఇది చేట. కింద ఇవి రెండు చేతులు. బిడ్డని చేటలో వేసి పారెయ్యడానికి తీసుకెళ్తున్నారు."

"ఇది చెల్లదమ్మా. ఇంకో ఫారం తెస్తాను," అని డాక్టరమ్మ లోపలికి వెళ్ళింది.

సూమెయ్ వాళ్ళ ఊళ్ళో బతుకంతా ఎముకల మీదే. మూడు వేల ఏళ్ళ కిందటి రాజులు జోస్యం అడిగి రాతలు చెక్కించుకున్న ఎముకలు అక్కడి పొలాల్లోనే దొరికాయి. మామగారు షౌయె వయసులో ఉన్నప్పుడు తవ్వకాల్లో కూలీకి వెళ్ళి, బుట్టతో మట్టి మోస్తూ మోస్తూ అక్షరాలు నేర్చుకున్నాడు. చదువుకున్న పెద్దమనుషులు కాగితం మీద అచ్చు తీస్తుంటే పక్కన లాంతరు పట్టుకుని నిలబడేవాడు. తవ్వకాలు అయిపోయాక ఆవు భుజపుటెముకల మీద ఆ అక్షరాలనే చెక్కి, చూడ్డానికొచ్చినవాళ్ళకి అమ్మడం మొదలుపెట్టాడు. కొడుక్కి నేర్పాలని చాలా చూశాడు. ఛాంగ్‌హెకి అక్షరం అంటలేదు. కబేళా నుంచి ఎముకలు మూడు చక్రాల బండి మీద తేవడం, పెద్ద కాగులో సోడా వేసి ఉడకబెట్టడం, గీకి, ఎండబెట్టి, తెల్లగా చెయ్యడం, ఇవన్నీ అతని వంతు. చెక్కడం ఇంటికొచ్చిన కోడలి పాలబడింది.

కొత్త కోడలిగా మొదటి చలికాలం. ముసలాయన ఆమె చేతికి ఉలి ఇచ్చి వందసార్లు చెక్కించిన అక్షరం అదే. కొనేవాళ్ళు ఎవరూ దాన్ని అడగరు. అదృష్టమనో, దీర్ఘాయువనో, గుర్రమనో, తమ ఇంటిపేరనో అడుగుతారు. కానీ ఆ ఒక్క అక్షరంలో వంపు ఉంది, నిలువు గీతుంది, అడ్డం అల్లిక ఉంది, జంట చేతులున్నాయి. అది కుదిరితే అన్నీ కుదురుతాయనేవాడు.

"బిడ్డ తల పైకుండాలా, కిందికా మామయ్యా?" అని అడిగింది ఆమె అప్పట్లో.

"కొన్ని ఎముకల మీద పైకుంది, కొన్నిటి మీద కిందికుంది. కిందికుంటే కడుపులోంచి అప్పుడే జారిన బిడ్డ అని కొందరంటారు. చచ్చి పుట్టిన బిడ్డ అని ఇంకొందరంటారు. రాసినవాడు పోయాడు, చదివేవాళ్ళు కొట్టుకుంటున్నారు. నువ్వు గీత మీద ధ్యాస పెట్టు."

ఆ చలికాలమే ఒక కథ కూడా చెప్పాడు. వెనకటికి ఒకావిడ పొలంలో పెద్ద అడుగుజాడ కనిపిస్తే దాని మీద కాలు వేసింది. కడుపొచ్చింది. పుట్టిన బిడ్డని చూసి భయపడి సందులో వదిలేస్తే, పశువులు తొక్కకుండా పక్కకి తప్పుకుని పోయాయి. అడవిలో వదలబోతే అక్కడ కట్టెలు కొట్టేవాళ్ళున్నారు. గడ్డకట్టిన కాలువ మీద పెడితే పక్షులు వచ్చి రెక్కలు కప్పాయి. చేసేది లేక మళ్ళీ ఇంటికే తెచ్చుకుంది. వాడి పేరే ఈ అక్షరం. వాడే పెద్దయ్యాక మనుషులకి కొర్రలు పండించడం నేర్పాడట.

"కన్నతల్లే బిడ్డకి ఆ పేరు పెట్టుకుందా?" అని అడిగింది సూమెయ్.

"చేసింది చేసినట్టు పెట్టుకుంది," అన్నాడు ముసలాయన.

డాక్టరమ్మ రెండో ఫారం తెచ్చింది. ఈసారి సూమెయ్ కాగితంకేసి చూస్తూ, బడిలో నేర్పిన అక్షరమే రాసింది. ఏడు గీతలు. ఎర్ర సిరాలో వేలు అద్ది ముద్ర వేసింది. వేలు తుడుచుకోవడానికి తావ్ కాగితం ఇచ్చింది. తుడుచుకుంది. ఏడుపొస్తుందేమోనని కొంచెం ఆగింది. రాలేదు. రానందుకు ఏమీ అనిపించలేదు.

అంబులెన్స్‌లో కుర్చీ ఒకటే ఉంటే తావ్‌ని కూర్చోబెట్టి, తను కింద పెట్టె మీద కూర్చుంది. పొట్టిగా ఉన్న మగ నర్సు ఒకతను రబ్బరు సంచి నొక్కుతూ ఉన్నాడు. అతను నొక్కినప్పుడల్లా ఛాంగ్‌హె ఛాతీ లేస్తోంది. దారి పొడవునా రోడ్డు మీద సగం వెడల్పున మొక్కజొన్న ఆరబోశారు. అంబులెన్స్ మాటిమాటికీ నెమ్మదిస్తోంది.

"నడిమింట్లో మంచం వేశారా?" అడిగాడు నర్సు.

"వేశారు."

"గొట్టం నేనే తీస్తాను. తీశాక ఎంతసేపుంటారో చెప్పలేను. పది నిమిషాలు కావచ్చు, గంట కావచ్చు. తీసే ముందే బట్టలు తొడిగెయ్యండి. తర్వాత చేతులు వంగవు."

"అలాగే," అంది సూమెయ్. ఆ రోజంతా ఆమె నోటి నుంచి ఎక్కువగా వచ్చిన మాట అదే.

ఇంటి దగ్గర ఇరుగుపొరుగు వాళ్ళు చావు బట్టలు సిద్ధంగా పెట్టారు. నీలం దూది కోటు, నల్ల లాగు, గుడ్డ చెప్పులు. అందరూ కలిసి తొడిగారు. ముసలి షౌయెకి చూపు సరిగా ఆనదు. గోడ పట్టుకుంటూ మంచం దగ్గరికొచ్చి కొడుకు మొహం తడిమాడు. చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచాడు. "గుమ్మడీ. ఇంటికొచ్చావురా. ఇది మన ఇల్లే."

నర్సు గొట్టం తీశాడు. గదిలో అందరూ మంచం చుట్టూ మూగి చూస్తున్నారు. ఛాంగ్‌హె గొంతులో గురక వచ్చింది. ఆగింది. మళ్ళీ వచ్చింది. పది నిమిషాలు గడిచాయి. గంట గడిచింది. నర్సు గడియారం చూసుకుని, వేరే కేసుంది, వెళ్ళాలన్నాడు. ఇరుగుపొరుగు వాళ్ళు ఒక్కొక్కరే స్టూళ్ళ మీద సర్దుకున్నారు. కోళ్ళకి మేత వెయ్యాలని ఒకామె లేచింది. ఛాంగ్‌హె దూది కోటులో చెమటలు కక్కుతూ, గురక పెడుతూ, ఊపిరి తీస్తూనే ఉన్నాడు.

మధ్యాహ్నం గుయ్‌లాన్ వచ్చింది. భుజాన సంచి దించకుండానే మంచం దగ్గరికి నడిచి అన్నని చూసింది.

"బతికున్న మనిషికి చావు బట్టలు తొడిగారా?"

ఇరుగుపొరుగు వాళ్ళు సూమెయ్‌కేసి చూశారు.

"నిన్నే వదినా. నేనొచ్చేదాకా ఆగమన్నానా లేదా? నాలుగు గంటలు ఆగలేకపోయావా? మా అన్నని తీసుకెళ్ళి పారేశావు నువ్వు."

"అవును," అంది సూమెయ్. "అలాగే రాశాను."

గుయ్‌లాన్ దగ్గర తిట్టడానికి తెచ్చుకున్న మాటలు ఇంకా చాలా ఉన్నట్టున్నాయి. అవతలి మనిషి తలుపు తీసేస్తే తోసేవాడు ముందుకు పడ్డట్టయింది ఆమెకి. సంచి కింద పడేసి కోటు గుండీలు విప్పడం మొదలుపెట్టింది. "పట్టుకో. ఈ దూదిలో ఉడికిపోతున్నాడు."

ఇద్దరూ కలిసి చావు బట్టలు విప్పారు. పాత నూలు చొక్కా తొడిగారు. కోటు మడత పెట్టి పెట్టె మీద ఉంచారు, దగ్గరలోనే.

సాయంత్రం ముసలాయన వంటింటి గుమ్మంలో కూర్చుని కోడల్ని అడిగాడు. "ఏం రాయించుకున్నారమ్మా?"

చెప్పింది. మొదట పాతది వేసిందనీ, చెల్లదన్నారనీ కూడా చెప్పింది.

ముసలాయన చాలాసేపు మోకాలి మీద వేలితో గీస్తూ ఉన్నాడు. "ఇప్పటి అక్షరంలో చేట లేదు కదూ."

"లేదు. పైన బిడ్డ, కింద చేతులు."

"రాయడం తేలికవ్వాలని దాన్ని గవర్నమెంటు తీసేసిందనుకుంటారందరూ. కాదు. చేట లేనిది కూడా చాలా పాతదే. రెండూ ఉండేవి." ఆగి అన్నాడు. "వాడెవడికో చేట గియ్యడానికి బద్ధకమేసుంటుంది."

సూమెయ్ కొర్ర గంజి గిన్నెలోకి వంచి ఆయన చేతికిచ్చింది. ఆయన రెండు చేతులూ చాచి అందుకున్నాడు. వేడి పొగ మొహానికి తగులుతుంటే అలాగే పట్టుకుని కూర్చున్నాడు, తాగలేదు. తర్వాత, "వాణ్ణి తీసుకురమ్మన్నది నేను. రాసింది నువ్వు గానీ, చెప్పింది నేను. గుయ్‌లాన్‌కి నేను చెప్తాను," అన్నాడు.

"చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే మామయ్యా. గంజి తాగండి."

రెండో రోజు, మూడో రోజు. ఛాంగ్‌హె ఊపిరి తీస్తూనే ఉన్నాడు. గుయ్‌లాన్ ఊరుకోలేదు. "మిషను లేకుండా ఊపిరి తీస్తున్నాడంటే బాగవుతున్నట్టే కదా? మళ్ళీ తీసుకెళ్దాం." సూమెయ్ ఆస్పత్రికి ఫోన్ చేసి, ఫోన్ ఆడపడుచు చేతిలో పెట్టింది. అటు నుంచి డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడింది. గుయ్‌లాన్ "ఊ, ఊ" అంటూ విన్నది. మెదడు మొదట్లోనే పోయిందనీ, ఊపిరి తీయించే కాస్త ముక్క మాత్రం మిగిలిందనీ, తీసుకొస్తే చేర్చుకుంటాం గానీ మనిషి తిరిగి రాడనీ చెప్పింది. ఫోన్ పెట్టేశాక గుయ్‌లాన్ పెరట్లోకి వెళ్ళి, ఎండబెట్టిన ఎముకల మధ్య కాసేపు నిలబడి వచ్చింది. ఆస్పత్రి మాట మళ్ళీ ఎత్తలేదు.

రెండు గంటలకోసారి మనిషిని పక్కకి తిప్పాలి. లేకపోతే ఒళ్ళు పుండు పడుతుంది. సూమెయ్ భుజాలు పట్టుకుంటే గుయ్‌లాన్ కాళ్ళు పట్టుకునేది. నడుం దగ్గర ఆస్పత్రిలోనే పడ్డ పుండు ఒకటి ఉంది, రాగి నాణెమంత. సూమెయ్ దాన్ని ఉప్పునీళ్ళతో కడిగి, గాలి తగిలేలా చొక్కా మడిచిపెట్టేది. మొదటిసారి అది చూసినప్పుడు గుయ్‌లాన్ మొహం తిప్పుకుంది. నాలుగో రోజుకి తనే కడిగింది. ఒకసారి నవ్వింది కూడా. "చిన్నప్పుడు అన్నకి స్నానం చేయించాలంటే ఇద్దరం కావాలి. అమ్మ పట్టుకుంటే, చిన్నదాన్నైనా నేనే నీళ్ళు పోసేదాన్ని. పిల్లిలా గీరేవాడు."

"ఇప్పటికీ అంతే," అంది సూమెయ్. "అంతే ఉండేవాడు."

సెలవు అయిపోతే తావ్ ఆరో రోజు జెంగ్‌ఝౌ వెళ్ళింది. వెళ్ళేటప్పుడు తండ్రి చెవిలో ఏదో చెప్పింది. సూమెయ్ అది విననట్టు గిన్నెలు కడిగింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం పెరట్లో కాగు వెలిగించింది సూమెయ్. ఛాంగ్‌హె పడిపోయిన రోజు నానబెట్టిన ఎముకలు పీపాలో అలాగే ఉన్నాయి. కంపు మొదలైంది. ఇంకా ఉంచితే పసుపెక్కి పనికిరాకుండా పోతాయి. ఎంత సోడా వెయ్యాలో ఆమెకి తెలీదు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. గుప్పెడు వేసింది. నురగ పొంగి కాగు అంచు దాటింది. మంట తగ్గించడానికి వంగినప్పుడు గుయ్‌లాన్ గుమ్మంలోకొచ్చింది. చేతిలో తడిగుడ్డ ఉంది. పెదాలు తడుపుతున్నట్టుంది.

"వదినా," అంది. లోపల్నించి గురక వినపడటం లేదు.

సూమెయ్ కట్టెలు రెండూ బయటికి లాగి, నీళ్ళు చల్లి ఆర్పింది. చేతులు కడుక్కుంది. లోపలికెళ్ళి మడత పెట్టి ఉన్న నీలం కోటు తీసింది. ఈసారి ఇద్దరే తొడిగారు. చేతులు ఇంకా వంగుతూనే ఉన్నాయి.

సాగనంపిన రోజు ఊరంతా వచ్చింది. తావ్ రాత్రి బస్సుకే వచ్చేసింది. తెల్ల గుడ్డలు కట్టుకుని, దారి పొడవునా ఏడుస్తూ నడవడం అక్కడి పద్ధతి. భార్య ఏడుపు అందరి కంటే పైకి వినిపించాలి. సూమెయ్ నడిచింది. ఎవరో కూతురి చెయ్యి పట్టిస్తే పట్టుకుంది. మోకాళ్ళ మీద కూర్చోమంటే కూర్చుంది. కళ్ళు పొడిగానే ఉన్నాయి. గొంతులోంచి ఏమీ రాలేదు. గుయ్‌లాన్ ఏడుపు పొలాల అవతలికి కూడా వినిపించింది.

తిరిగొచ్చి భోజనాలకి కూర్చున్నప్పుడు, పక్కింటి ముసలామె పులుసు గిన్నెలో రొట్టె ముంచుకుంటూ అంది, అందరికీ వినపడేలానే. "మొగుడు పోయినా కన్ను చెమర్చని మనిషిని నేను నా జన్మలో చూడలేదమ్మా. ఎముకలు చెక్కీ చెక్కీ ఈవిడా అలాగే అయిపోయినట్టుంది. ఆస్పత్రిలో కూడా టక్కున రాసిచ్చేసిందట కదా."

సూమెయ్ విన్నది. ముసలామె చెప్పింది తప్పని ఆమెకి అనిపించలేదు. రొట్టెలు పంచుతూ పక్క బల్ల దగ్గరికి వెళ్ళింది.

గుయ్‌లాన్ గిన్నె కింద పెట్టింది. "నువ్వెన్ని రోజులొచ్చావ్ పిన్నీ మా ఇంటికి?"

"ఏంటి?"

"ఈ తొమ్మిది రోజుల్లో. మొదటి రోజొచ్చి స్టూలు మీద గంట కూర్చున్నావు, పోతాడేమో చూద్దామని. పోలేదు, వెళ్ళిపోయావు. రెండు గంటలకోసారి తిప్పింది మా వదిన. మలం ఎత్తింది మా వదిన. నేనేడ్చానుగా, ఇద్దరికీ సరిపోయేంత ఏడ్చాను. నీకింకా చాలకపోతే నువ్వూ ఏడువు, ఎవరొద్దన్నారు?"

ముసలామె రొట్టె ముక్క పులుసులో వదిలేసి, పళ్ళు లేవు కాబట్టి మెత్తబడాలని ఎవరికో చెప్పడం మొదలుపెట్టింది. మాట మారిపోయింది.

ఏడో రోజు కర్మ అయ్యాక గుయ్‌లాన్ బయల్దేరింది. సూమెయ్ ఆమెని బస్సెక్కించడానికి ఊరి చివరి రోడ్డు దాకా వెళ్ళింది. పొలాల్లో గోధుమ విత్తుతున్నారు. ట్రాక్టరు వెనక దుమ్ము లేస్తోంది. ఇద్దరూ సంచి మధ్యలో పెట్టుకుని నిలబడ్డారు.

"వదినా," అంది గుయ్‌లాన్, రోడ్డుకేసి చూస్తూ. "ఆ రోజు నేనక్కడుంటే, నన్ను రాయమంటే రాసేదాన్ని కాదు."

"తెలుసు."

"రాయకుండా, మళ్ళీ నిన్నే రాయమని కూర్చునేదాన్ని. రాశాక నిన్నే తిట్టేదాన్ని."

సూమెయ్ ఆలోచించింది. ఏదో ఒకటి అనాలని తెలుసు. ఏది వెతికినా లోపల చేతికి తగల్లేదు. "బస్సొచ్చింది," అంది.

బస్సు ఆగింది. గుయ్‌లాన్ సంచి ఎత్తి లోపలికి అందిస్తూ సూమెయ్ ఒక్క క్షణం ఆమె మణికట్టు పట్టుకుంది. సంచి జారుతుందేమోనని పట్టుకున్నట్టే ఉంది. వదిలేసింది.

ఇంటికొచ్చేసరికి ముసలాయన గుమ్మంలో ఎండకి కూర్చుని ఉన్నాడు. అడుగుల చప్పుడు విని తల ఎత్తాడు.

"సీటు దొరికిందా దానికి?"

"దొరికింది మామయ్యా. కిటికీ పక్కన."

"మంచిదే," అన్నాడాయన. "దానికి బస్సు పడదు. కిటికీ ఉంటే ఫరవాలేదు."

సూమెయ్ ఆయన పక్కన గడప మీద కూర్చుంది. ఎండ కాళ్ళ మీద పడుతోంది. వేడిగా ఉందో లేదో కాసేపటి దాకా ఆమెకి తెలియలేదు.